కథలో మారిన మొగుడు

"నువ్వు కతలు రాస్తావంట గదక్కా, నా కత రాయగూడదా?" అని అడిగింది మా వీధిలో ఉండే ఒకామె. అది మూడేళ్ళ కిందటి మాట. వానల్లేక శెనక్కాయ ఎండిపోయిన ఏడాది మొగుడూ పెళ్ళాలు లేపాక్షి వదిలి బెంగుళూరు పోయారు. ఆయన బేల్దారి పనికి, ఈమె నాలుగిళ్ళల్లో పాచిపనికి. మా హిందూపురం వైపు ఇది కొత్తేమీ కాదు. పొద్దున్నే స్టేషన్‌కి వెళ్తే మూటలు పట్టుకుని ఎంతమందో కనిపిస్తారు. పండక్కి వచ్చినప్పుడు మా వంటింటి గుమ్మంలో కూర్చుని ఆమె అంతా చెప్పింది. సంపాదన లాక్కోవడం, కొట్టడం, మళ్ళీ పొద్దున్నే ఏమీ జరగనట్టు కాఫీ అడగడం.

నేను రాశాను. మొగుడికి విషజ్వరం తెప్పించాను. ఆమె చేత సేవ చేయించాను. చివర్లో అతను పశ్చాత్తాపపడి ఆమె చేతులు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కథ అచ్చయింది, ఇద్దరు ముగ్గురు ఉత్తరాలు కూడా రాశారు. మళ్ళీ ఆమె వచ్చినప్పుడు గొప్పగా చదివి వినిపించాను. విని నవ్వింది. "బాగుందక్కా. కతలో అన్నా మారినాడు" అంది.

ఆ నవ్వు నన్ను చాలాకాలం వదల్లేదు.

పోయిన వేసవిలో బెంగుళూరులో తమ్ముడింట్లో ఒక పాత తెలుగు సినిమా చూశాను. పేరు 'ఇది కథ మాత్రమేనా?'. పేరు వినగానే ఎవరో నన్నే నిలదీసినట్టయింది. 1983లో తీసిన చిన్న సినిమా, అరగంట కూడా ఉండదు. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన ఆడవాళ్ళతో కలిసి దీన్ని తీసినావిడ దీపా ధన్‌రాజ్. ఒక రచయిత గదిలో కూర్చుని రాసింది కాదిది. ఆడవాళ్ళంతా కూర్చుని ఇళ్ళల్లో జరిగేవి మాట్లాడుకుని, అందులోంచి కథ అల్లుకుని, తామే నటించారు. ఆ సంఘటన వాళ్ళే తర్వాత 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం తెచ్చారు. తెలంగాణ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళని వాళ్ళ నోటితోనే మాట్లాడించిన పుస్తకమది.

ఇంకోటి గమనించండి. భర్తా, అత్తవారూ పెట్టే హింసని నేరమని చెప్పిన అప్పటి 498ఎ సెక్షన్ చట్టంలోకి వచ్చింది కూడా 1983 చివర్లోనే. గృహహింస చట్టం అమల్లోకి రావడానికి 2006 దాకా ఆగాల్సొచ్చింది. 'సంసారం అన్నాక మామూలే' అని అందరూ అనుకునే రోజుల్లో వీళ్ళు ఈ సంగతిని తెర మీద పెట్టారు.

దీపా ధన్‌రాజ్ పుట్టింది హైదరాబాదులో, 1953లో. 1980లో మరికొందరితో కలిసి 'యుగాంతర్' అనే బృందం పెట్టారు. కెమెరా పట్టినాయన నవ్‌రోజ్ కాంట్రాక్టర్, ఆవిడ భర్త. 2023లో రోడ్డు ప్రమాదంలో పోయారు. యుగాంతర్ తీసిన మొదటి సినిమా 'మోల్కరీణ్', పుణెలో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు సంఘం పెట్టుకున్న సంగతి. అది తెలిశాక మా వీధి ఆమే గుర్తొచ్చింది. ఆమెకి జరిగేవాటిల్లో నేను మొగుణ్ణి మాత్రమే చూశాను. నాలుగిళ్ళ జీతం, సెలవు, జబ్బు చేస్తే కోత, ఇవేవీ నా కథలో లేవు. ఆ తర్వాత కర్ణాటకలోని నిపాణిలో పొగాకు ఫ్యాక్టరీ ఆడకూలీల మీద ఒకటి, చిప్కో ఉద్యమంలోని సుదేశ మీద ఒకటి. 1984 హైదరాబాదు మతకలహాల మీద 1986లో తీసిన 'క్యా హువా ఇస్ షహర్ కో' సంగతి తెలిసినవాళ్ళు మనలో తక్కువే. 2016లో రోహిత్ వేముల చనిపోయాక సాగిన ఆందోళన మీద 2018లోనూ ఒకటి తీశారు.

వీటన్నిటిలో ఆడవాళ్ళందరికీ చూపించాలని నాకనిపించేది 1991 నాటి 'సమ్‌థింగ్ లైక్ ఎ వార్'. 'యుద్ధం లాంటిదే' అనుకోండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల శిబిరాల మీద తీసింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2019-20 సర్వే ప్రకారం పెళ్ళయిన ప్రతి పదిమంది ఆడవాళ్ళలో దాదాపు ఏడుగురికి ఆ ఆపరేషన్ అయింది. మగవాళ్ళ లెక్క చెబితే నవ్వుతారు, నూటికి ఒక్కరు కూడా లేరు. అయినా మన కథల్లో ఆ బల్ల మీద పడుకున్న ఆడది ఎక్కడుంది? నా కథల్లో లేదు. నాకూ ఆపరేషన్ అయింది మరి!

ఈ సినిమాలు చూడటం హాయిగా ఉండదు, ముందే చెబుతున్నా. పాటలుండవు, ఓదార్పు ఉండదు. "ఇందులో మగవాడి బాధ లేదే" అన్నారు మావారు. "అది మిగతా సినిమాల్లో ఉందిలెండి" అన్నాను.

మన పేజీకి వచ్చే కథల్లో, నావి కూడా కలుపుకునే చెబుతున్నా, సగానికి సగం సర్దుబాటుతోనే ముగుస్తాయి. అలా ముగించమని మనకెవరూ చెప్పలేదు. ఇంట్లోవాళ్ళు చదువుతారన్న భయం కొంత, చదివేవాళ్ళు నొచ్చుకుంటారన్న మొహమాటం కొంత. కానీ ఎవరి కథో వాళ్ళనే అడక్కుండా ముగించే హక్కు మనకెక్కడిది? రాసేవాళ్ళం అచ్చుకి పంపేముందు ఒకసారి వాళ్ళకే చదివి వినిపిద్దాం. ఇక చూపించడం అంటారా, మండల సమాఖ్యల సమావేశాల్లో అప్పుల వాయిదాల లెక్కలయ్యాక ఒక అరగంట చాలు. ఆడపిల్లల కాలేజీల్లో ఏటా మార్చి 8న ముగ్గుల పోటీ పెడతారు కదా, దాని పక్కనే ఇదీ పెట్టొచ్చు. పాత రీళ్ళని జర్మనీలో బాగుచేసి దాచిపెట్టారు. మన ఊళ్ళో చూపించే పని మనదే.

వచ్చే నెల మా పొదుపు సంఘం ఆడవాళ్ళకి తమ్ముడి ల్యాప్‌టాప్ మీద 'ఇది కథ మాత్రమేనా?' వేద్దామనుకున్నాం. శివరాత్రికి ఊరికొచ్చిన ఆమెనీ పిలిచాను.

"ఇదీ నువ్వు రాసిందేనా అక్కా?" అంది.

"కాదు" అన్నాను.

"అయితే వస్తాలే."