బ్రతికినవారి మాట యేమి?

నగరమున నొక భవనము తగులబడినది. మఱునాటి యుదయమున పత్రికలలో మృతుల సంఖ్య పడినది. మంత్రులు వచ్చిరి, చూచిరి, విచారము వెలిబుచ్చిరి, పరిహారము ప్రకటించిరి, పోయిరి. మూడవనాటికి వీధిలోని బూడిదను నీటితో కడిగివేసిరి. ఇంతటితో మన ప్రభుత్వముల దృష్టిలో అగ్నిప్రమాదము ముగిసినది. కాని కట్టుబట్టలతో మెట్లు దిగివచ్చి, ఎదుటి యరుగుమీద కూర్చుండి, తన సంసారము పొగయై పోవుచుండగా చూచిన గృహస్థునకు ప్రమాద మప్పుడే ప్రారంభమైనది. అతడు మరణింపలేదు గనుక పరిహారపు లెక్కలోనికి రాలేదు. గాయపడలేదు గనుక ఆసుపత్రి పట్టికలోనికిని ఎక్కలేదు. అతనిని గూర్చియే నేడు మేము వ్రాయదలచితిమి.

దూరపు సంగతులు చెప్పుట లేదు. 2023 నవంబరు 13వ తేదీన హైదరాబాదు నాంపల్లి బజారుఘాటులో నొక నివాస భవనమున మంటలు లేచి 9 మంది మరణించిరి. క్రింద రసాయనముల పీపాలు, పైన కాపురములు! అగ్నిమాపక దళమువారు నిచ్చెనలు వేసి పైయంతస్తులవారిని దింపి ప్రాణములు కాచిరి. 2025 మే 18వ తేదీన చార్మినారు చెంత గుల్జారుహౌజులో 17 మంది, వారిలో 8 మంది పిల్లలు, ఒక్క యుదయమున కన్నుమూసిరి. అప్పుడు కేంద్రమువారు మృతుల కుటుంబములకు 2 లక్షల చొప్పునను, గాయపడినవారికి 50 వేల చొప్పునను ప్రకటించిరి. రాష్ట్రమువారు మృతుల కుటుంబములకు 5 లక్షలనిరి. ఈ సొమ్మిచ్చుట తప్పని మే మనము. ఇంకను ఎక్కువ యిచ్చినను చాలదనియే యందుము. కాని చచ్చినవానికొక పద్దు, గాయపడినవానికొక పద్దు ఉన్నప్పుడు, ఇల్లు పోయి బ్రతికియున్నవానికి మూడవ పద్దు ఏది?

శాసనమున లేకపోలేదని అధికారులు చెప్పగలరు. అగ్నిప్రమాదము విపత్తుల జాబితాలో నున్న మాట నిజమే. 2022 మొదలు 2026 వరకు వర్తింపజేసిన విపత్తు సహాయనిధి నియమములను తీసి చూడుడు. మైదానప్రాంతమున పూర్తిగా ధ్వంసమైన పక్కాయింటికి 1,20,000 రూపాయలు. కుటుంబమునకు బట్టలకై 2,500. పాత్ర సామగ్రికై 2,500. నేటి నగరమున ఆ మొదటి మొత్తముతో రెండు గదుల గోడలైన లేవవు. ఆ రెండువేల యైదువందలతో నలుగురున్న కుటుంబము వంటింటిని తిరిగి నిలుపుకొనవలెనట! పైగా ఆ యిల్లు సక్రమమైన కట్టడమని అధికారి ధ్రువపరచిననే గాని ఆ సొమ్మైనను రాదు.

ఇక్కడనే యసలు చిక్కున్నది. భవనము కాలగానే మొదట వినవచ్చు మాట ‘అది అక్రమ కట్టడము’ అని. సంవత్సరముల తరబడి ఆ భవనమునకు విద్యుత్తు నిచ్చినవారెవరు? నీటి గొట్టము కలిపినవారెవరు? అక్రమ కట్టడమని యెరిగియు జుల్మానాతో కూడ ఇంటిపన్ను వసూలుచేయు పద్ధతి మన నగరపాలక సంస్థలలో లేదా? పన్ను గట్టించుకొనునపుడు కంటికి కనబడిన యిల్లు కాలిన మఱునాడు కనబడకపోవునా? తప్పు కట్టినవానిది, కట్టనిచ్చినవానిది. దండన మాత్రము కాపురమున్నవానిదా? ఇంక కొందఱు ‘ఇది దైవికము’ అందురు. వంటయిండ్ల క్రింద రసాయనముల పీపాలు పెట్టు నలవాటు దైవమునకు లేదు.

కాలినవారిలో అద్దెకున్నవారి దుస్థితి మఱియు ఘోరము. గోడలు యజమానివి. ఇంటి సహాయ మేదైన వచ్చినచో అది గోడలవాని కథ. మంచము, బీరువా, కుట్టుమిషను, పిల్లల పుస్తకములు, బయానాగా నిచ్చిన సొమ్ము పోగొట్టుకొన్నవాడు ఏ రిజిష్టరులోను లేడు. సొంత ఫ్లాటు గలవాడైనను సుఖి కాడు. పల్లెలో ఇల్లు కాలినవానికి కనీసము ఇంటి స్థలము మిగులును. అపార్టుమెంటులో నతనికున్నది భూమిలో నొక యవిభక్తపు వాటా. అందఱును కలిసి సమ్మతించినగాని ఇటుక మీద ఇటుక పెట్టుటకు వీలులేదు. ఇల్లు కాలెను, ఇంటిమీది యప్పు కాలలేదు. బ్యాంకు వాయిదా నెల తిరుగగానే వచ్చును. క్రొత్తగా చేరిన గదికి అద్దె, కాలిన యింటికి వాయిదా, ఒక్క జీతమునుండి రెండును చెల్లింపవలెను!

ఇంతకంటె క్రూరమైనది కాగితముల బాధ. బంగారము కరిగినను బంగారమే. కాగితము మాత్రము బూడిద. ఈ కాలమున మనుష్యుని జీవితమంతయు కాగితము మీదనే నిలిచియున్నది గదా! ఆధారు, రేషను కార్డు, బడి సర్టిఫికెట్లు, దస్తావేజులు పోయినవాడు తాను తానేయని ఋజువు చేసికొనుటకు పది కచ్చేరీల మెట్లెక్కవలెను. సబురిజిస్ట్రారు కచ్చేరిలో దస్తావేజు నకలున్నది, దరఖాస్తు పెట్టుకొనుమందురు. బాగుగా మాడి పెళుసైన నోట్లను రిజర్వు బ్యాంకు కార్యాలయమునకే కొనిపోవలెను. ప్రతి కచ్చేరిలోను ‘నీవెవరవు? గుర్తింపుపత్ర మేది?’ అను ప్రశ్నయే. ఉన్న గుర్తింపెల్ల మంటలో పోయినదనియే గదా అతడు వచ్చినది!

మనది బీదదేశము, ధనిక దేశములలో నిట్లుండదని కొందఱు సమాధానపడుదురు. అదియు భ్రమయే. 2017 జూను 14వ తేదీన లండనులో గ్రెన్‌ఫెల్ టవరను 24 అంతస్తుల సౌధము కాలి 72 మంది మరణించిరి. ఇండ్లు పోయినవారికి మూడు వారములలో వసతి చూపుదుమని నాటి ప్రధాని థెరిసా మే మాటయిచ్చెను. సంవత్సరము గడచినను అనేక కుటుంబములు హోటలు గదులలోను, తాత్కాలికపు బసలలోను దినములు గడపుచునే యుండెను. ఆ మరణము లన్నియు తప్పింపదగినవే యని 2024 సెప్టెంబరులో విచారణసంఘము తేల్చినది. ప్రమాదానంతరము స్థానిక ప్రభుత్వము చేతులెత్తివేయగా చుట్టుపట్ల ప్రార్థనామందిరములవారు, స్వచ్ఛంద సంఘములవారు అన్నవస్త్రము లిచ్చి ఆదుకొనిరనియు ఆ నివేదికయే చెప్పినది. కావున లోపము ధనమున గాదు, దృష్టియందు.

మన పల్లెలలో వేసవిని తాటియాకుల పాక కాలినచో నేమి జరుగుచుండెను? ఒకరు వాసములిచ్చిరి, ఒకరు ఆకులిచ్చిరి, ఒకరు కుంచెడు బియ్యము, ఒకరు పాతచీర యిచ్చిరి. పదిమంది యెక్కి పై కప్పు వేసిరి. అది భిక్షమని ఇచ్చినవాడు తలపలేదు, పుచ్చుకొన్నవాడు సిగ్గుపడలేదు. రేపు తన పాకకు నిప్పంటవచ్చునని ప్రతివాడును ఎరుగును. నగరమున ఆ పదిమంది స్థానమున నిలువవలసినది పురపాలక సంఘము, ప్రభుత్వము. అందులకే గదా వారికి పన్ను గట్టుచున్నాము! ఇది దయ కాదు, చెల్లవలసిన బాకీ.

కావున మేము కోరున దిది. ఇల్లు కాలిన ప్రతి కుటుంబమునకు, సొంతదారుడైనను అద్దెదారుడైనను, ఆరు నెలల అద్దె పురపాలక సంఘము మొదటి వారముననే చెల్లింపవలెను. మూడు దినములలో ఆ వీధిలోనే యొక బల్ల వేసి, అన్ని శాఖల గుమాస్తాలను కూర్చుండబెట్టి, పోయిన పత్రముల నకళ్లు రుసుము లేకుండ నీయవలెను. తుపాను వచ్చిన చోట రైతుల వాయిదాలు సడలించుట యెరిగిన బ్యాంకులు కాలిన యింటి వాయిదాలను కూడ ఆపవలెను. కట్టడము అక్రమమైనచో ఆ దోషమును కట్టినవానినుండి, అనుమతించినవానినుండి రాబట్టవలెను గాని, నివసించినవాని సహాయమునుండి కోయరాదు.

పాఠకులారా, మనకును పనియున్నది. 2021 ఏప్రిలు నుండి ‘భారత్ గృహరక్ష’ యను బీమా అన్ని సాధారణ బీమా సంస్థలును అమ్ముచున్నవి. ఇంటికి బీమా చేసినచో భవనపు మొత్తములో నూటికి 20 వంతున, 10 లక్షలకు మించకుండ, సామానులకును రక్షణ కలదు. అద్దెకున్నవారు సామానులకు మాత్రమే చేసికొనవచ్చును. దస్తావేజుల నకళ్లు మఱియొక యూరి బంధువునొద్ద నుంచుడు. మెట్లదారిలోని పాతసామానులను నేడే తీయించుడు. ప్రక్క గుమ్మమువాని పేరు తెలిసికొనుడు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యెంత యవివేకమో మన పెద్దలు చెప్పియే యున్నారు.

వారే మఱియొక సామెతయు చెప్పిరి: ఇల్లు కాలి యొక డేడ్చుచుండగా చుట్టకు నిప్పడిగినవాడొకడట. శవముల నెంచి చిత్రపటములు తీయించుకొని పోవు ప్రభుత్వమునకును ఆ చుట్టవానికిని భేదమేమి? ఇకనైన మన పాలకులు కాలిన వీధికి వచ్చినప్పుడు చచ్చిన వారెందఱని యడిగి యూరకుండక, ఈ రాత్రి ఎందఱికి చూరు లేదని కూడ నడుగుదురు గాక!