సృష్టి యంతటికిని విమోచనము

స్వర్ణముఖీ తీరమునందలి శ్రీకాళహస్తి స్థలపురాణమును బాల్యమునుండి వినుచు పెరిగిన ఈ సీమవారికి, ఒక సాలెపురుగును, ఒక పామును, ఒక యేనుగును శివుని సేవించి ముక్తినొందిన వన్న కథ వింతగా తోచదు. జంతువునకు మోక్షమేమని ఇచ్చట నెవ్వరును ప్రశ్నింపరు. అదే సీమలో నూటయేబది యేండ్లకు పైబడి వేళ్లూనియున్న క్రైస్తవ మందిరములలో మాత్రము, రక్షణ యనగా మనుష్యుని యాత్మ పాపమునుండి విడుదలపొంది పరలోకమునకు చేరుటయే యనియు, కొండలును, చెట్లును, పశుపక్ష్యాదులును ఆ యాత్రలో దారిప్రక్కన విడిచిపోదగినవే యనియు తలంచు వాడుక ప్రబలియున్నది. ఈ తలంపు బైబిలునకు అనుగుణమైనది కాదు; ఈ జిల్లాలలో క్రైస్తవులు పూర్వము చేసిన మంచిపనులకును ఇది పొసగదు.

జలప్రళయానంతరము దేవుడు చేసిన నిబంధన నోవహుతోను, అతని సంతతితోను మాత్రమే కాక, ఓడనుండి వెలువడిన పక్షులతోను, పశువులతోను, సమస్త జీవరాశితోను జరిగినదని ఆదికాండము తొమ్మిదవ అధ్యాయము ఒకటికి పలుమారులు చెప్పుచున్నది. రోమీయులకు వ్రాసిన పత్రిక ఎనిమిదవ అధ్యాయమునందు పౌలు, సృష్టి తన దోషము లేకయే దుర్గతికి లోనై, ప్రసవవేదన పడు తల్లివలె మూలుగుచు, మనుష్యుల విమోచనముతోడనే తన విడుదలయు కలుగునని యెదురుచూచుచున్నదనెను. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో క్రీస్తు సిలువ సమాధానపరచినది మనుష్యులను మాత్రమే కాదు, భూలోక పరలోకములందున్న సమస్తమును. ఇక ప్రకటన గ్రంథపు తుది యధ్యాయములను తెరచి చూచినచో, మనుష్యులు భూమిని వదలి పైకెగసిపోవు దృశ్యము కాక, పరిశుద్ధ పట్టణము భూమిమీదికి దిగివచ్చు దృశ్యము కనబడును.

శ్రీకాళహస్తి కథకును ఈ విశ్వాసమునకును భేదము లేకపోలేదు. అచ్చట ప్రతి ప్రాణియు తన భక్తిచేతనే సంసారబంధమును దాటిపోయినది. ఇచ్చట సృష్టి నిరపరాధి. మనుష్యుని పతనముచేత అదియు చెడినది, మనుష్యుడు బాగుపడుటతో అదియు బాగుపడవలెను. అదియు లోకమును దాటిపోవుటచే గాక, లోకమే నూతనమగుటచే. కావున భారమంతయు మనుష్యుని భుజములపై పడుచున్నది. కడపట మనుష్యులందరును తప్పక రక్షింపబడుదురా యను వివాదము మూడవ శతాబ్దపు వేదపండితుడైన ఓరిగెను నాటినుండియు నున్నది. అది వేరు మాట. సృష్టికి విమోచనము కలదని నమ్ముటకు ఆ వివాదమున పక్షము వహింపనక్కరలేదు.

లోకమంతయు అగ్నిచే దహింపబడునని పేతురు రెండవ పత్రికలో నున్నది గదా, కాలిపోవు ఇంటికి సున్నము కొట్టుట యెందులకని అడుగు బోధకులు లేకపోలేదు. ఆ యధ్యాయముననే పేతురు రాబోవు అగ్నికి సాటిగా నోవహు కాలపు జలప్రళయమును చూపెను. ఆ నీటిలో నాటి లోకము నశించెనని వ్రాసినను, నీరు తీసిన పిమ్మట నోవహు అడుగిడినది ఈ భూమిమీదనే. బలిపీఠము కట్టినది, ద్రాక్షతోట నాటినది ఈ మంటిలోనే. నీరు కడిగివేసినది దుష్టత్వమును గాని నేలను గాదు. అగ్నియు నట్టిదే యనుకొనుట న్యాయము. ఏలయన ఆ పత్రికయే క్రొత్త యాకాశమును మాత్రమే కాక క్రొత్త భూమిని గూడ వాగ్దానము చేయుచున్నది.

ఈ సీమకు సువార్తను తెచ్చినవారు మాటలలో ఆత్మను గూర్చియే యెక్కువగా చెప్పియుండవచ్చును గాని, వారి చేతులు మాత్రము దేహమును, నేలను విడిచిపెట్టలేదు. ఆర్కాటు మిషనుకు చెందిన జేకబ్ చాంబర్లెన్ 1863 మొదలు మదనపల్లెలో బోధతోపాటు వైద్యమును సాగించెను. క్షయకు తగిన మందు లేని దినములలో పెక్కు మిషనులు కలిసి మదనపల్లె చెంత నెలకొల్పిన చికిత్సాలయము 1915లో తెరువబడినది. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రిమాట్-మోలర్ దానికి ప్రాణమై నిలిచెను. ఆ స్థలమే ఆరోగ్యవరము. క్షయను మాన్పు స్ట్రెప్టోమైసిను 1943లో గాని కనుగొనబడలేదు. అంతవరకును అచ్చటి యౌషధములు ముఖ్యముగా పొడిగాలి, వెలుతురు, విశ్రాంతి, పుష్టినిచ్చు నాహారము. మన దేశమున క్షయను నివారించు బి.సి.జి. టీకాలు 1948లో తొలుత ఆరంభమైన చోట్లలో మదనపల్లె యొకటి. ఆత్మ యొక్కటియే రక్షింపదగినదైనచో, ఊపిరితిత్తుల పుండును మాన్పుటకు ఇన్ని దశాబ్దములు శ్రమింపవలసిన పనియేమి? గాలియు వెలుగును చెడిన చోట దేహము బాగుపడదని ఎఱిగినవారు, సృష్టి విమోచనమను మాటను ఉచ్చరింపకయే దానిని ఆచరించిరి.

పల్లె సంఘములలో కోతపండుగనాడు ఈ విశ్వాసము మరియొక తీరున కానవచ్చును. పీఠము ముందర చెఱకుగడలు నిలిపి, గంపలలో వేరుసెనగ కాయలు, రాగులు, గుమ్మడికాయలు, బెల్లము, కోడిగ్రుడ్లు తెచ్చి యుంచుదురు. కాళ్లు కట్టిన కోడి యొకటి రెండు మారులు రెక్కలు కొట్టుకొని ఊరకుండును. ఆరాధన ముగిసిన పిమ్మట వాకిట వేలముపాట మొదలగును. కొడుకు పంపిన డబ్బుతో వచ్చిన అవ్వ తాను తెచ్చిన గుమ్మడికాయనే హెచ్చుపాట పాడి మరల ఇంటికి తీసికొనిపోవును. నేలపంటను దేవుని సన్నిధికి తెచ్చుటకంటె గొప్ప యొప్పుకోలు లేదు. ఇంతచేసి, ఆ నాటి ప్రసంగమున మాత్రము పంటనిచ్చిన నేలను గూర్చి గాని, ఇంకుచున్న బోరుబావిని గూర్చి గాని ఒక్క మాటయు వినబడకపోవుట విచారకరము.

ఈ విషయమై క్రైస్తవ ప్రపంచము ఇదివరకే మేల్కొన్నది. 1961లో ఢిల్లీ నగరమున జరిగిన ప్రపంచ క్రైస్తవ సంఘముల మండలి మూడవ మహాసభలో లూథరన్ పండితుడు జోసెఫ్ సిట్లర్ కొలొస్సయుల పత్రికను ఆధారము చేసికొని, క్రీస్తు రక్షణ సృష్టియంత విశాలమైనదని వాదించెను. 2015లో పోపు ఫ్రాన్సిస్ ‘లౌదాతో సీ’ యను లేఖలో భూమి మొఱను, బీదల మొఱను ఒక్కటిగా వినుమని లోకమును కోరెను.

ఆ రెండు మొఱలును ఒక్కటే యగుట మనకు దూరముననున్న విషయము కాదు. ప్రపంచమంతటిలో తూర్పు కనుమల దక్షిణభాగముననే సహజముగా పెరుగు ఎఱ్ఱచందనమును అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము 2021లో మరల అంతరించు ప్రమాదమునందున్న జాతులలో చేర్చినది. 2015 ఏప్రిల్ 7వ తేదీన శేషాచలపు టడవులలో పోలీసు కాల్పులకు 20 మంది మరణించిరి. వారు ఎఱ్ఱచందనము నరకుటకు వచ్చిరని ఆరోపింపబడిన తమిళనాటి పేద కూలీలు. దుంగల వ్యాపారమున లక్షలు గడించువారి ప్రాణములు అట్లు పోవుట యరుదు. పలమనేరు కుప్పముల నడుమ 1990లో ఏర్పడిన కౌండిన్య యభయారణ్యపు టంచు గ్రామములలో, ఏనుగుల పాదములక్రింద పంటయు ప్రాణమును కోల్పోయిన రైతులున్నారు. పొలము గట్టున విద్యుత్తీగ తగిలి చచ్చిన యేనుగులును ఉన్నవి. రైతును విడిచి యేనుగును గాని, ఏనుగును విడిచి రైతును గాని రక్షించుట పౌలు చెప్పిన విమోచనము కాదు.

తిరుపతి కేంద్రముగా నున్న దక్షిణాంధ్ర లూథరన్ సంఘమునకును, దక్షిణ ఇండియా సంఘపు రాయలసీమ అధ్యక్షఖండమునకును, కడప కతోలిక మేత్రాసనమునకును ఒక విన్నపము. ప్రభుభోజనమున పాలుపొందుటకు సిద్ధమగు పిల్లలకు రోమీయుల పత్రిక ఎనిమిదవ అధ్యాయమును నడుమ ఒక్క వాక్యమును విడువక బోధింపుడు. మిషను ఆవరణములలోని చింత, వేప చెట్లను, పాత బావులను అమ్మకపు సొత్తుగా గాక అప్పగింపబడిన ధనముగా లెక్కగట్టుడు. కోతపండుగ వేలము సొమ్ములో ఒక పాలు ఊరి చెరువు పూడిక తీయుటకు వెచ్చించి, ఆ పనికి ఊరివారినందరిని, మతభేదము పాటింపక, పిలువుడు. సృష్టిని ప్రక్కకు నెట్టి చేయు రక్షణబోధ సగము సువార్త మాత్రమే; మిగిలిన సగమును చెప్పవలసిన భారము మందిరములదే.