పసిబిడ్డను ఎవరికి అప్పగించి పనికి పోవాలి?

కొన్ని నెలల కిందట ప్రొద్దుటూరులో జుమా నమాజు ముగించుకొని బయటికి వస్తుంటే మసీదు మెట్ల పక్కన ఒక యువతి నిలబడి ఉంది. చంకలో ఏడెనిమిది నెలల బిడ్డ. సహాయం కోసం వచ్చిందేమో అనుకొని జేబులో చేయి పెట్టాను. "పైసలు వద్దు మౌల్‌సాబ్" అని ఉర్దూలో అంది. "బట్టల అంగట్లో పని దొరికింది. పొద్దున తొమ్మిదిన్నరకు పోతే రాత్రి ఎనిమిదికి వదులుతారు. అంతసేపు పాపను చూసుకునే ఇల్లు ఏదైనా తెలిస్తే చెప్పండి. నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చుకోగలను" అంది.

"మీ అమ్మగారి దగ్గర వదలకూడదా బేటీ?" అన్నాను.

"అమ్మ ఉంటే మీదాకా ఎందుకు వస్తాను?" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చుట్టూ నిలబడిన వారిలో వ్యాపారులున్నారు, ఉపాధ్యాయులున్నారు, కమిటీ పెద్దలున్నారు. పెళ్లి సంబంధం అడిగితే పది ఇళ్ల పేర్లు చెప్పగలిగిన వాళ్లం, పసిబిడ్డను పగలంతా నమ్మకంగా ఉంచే ఒక్క ఇంటి పేరు చెప్పలేకపోయాం. ఆమె భర్త వదిలేసి వెళ్లాడని, పుట్టిల్లు వేరే జిల్లాలో ఉండేదని, తల్లిదండ్రులిద్దరూ చనిపోయారని తర్వాత తెలిసింది. అందుకే ఈ విషయాన్ని పాఠక సోదరీ సోదరుల ముందు పెడుతున్నాను.

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతంలో నాపరాళ్ల పాలిష్ పనిచేసే ఒక తండ్రి నాకు తెలుసు. కాన్పు తర్వాత భార్య చనిపోయింది. బిడ్డను కొన్నాళ్లు పక్కింటి ముసలమ్మ చూసింది. ఆమెకు చూపు తగ్గిపోయాక రాతి దుమ్ము లేచే చోటికే బిడ్డను తీసుకుపోయి, చెట్టుకు ఉయ్యాల కట్టి పనిచేశాడు. పులివెందుల వైపు అరటి, చీనీ తోటల్లో కూలికి పోయే ఆడవాళ్లు గట్టు మీద చీర పరచి బిడ్డను పడుకోబెడతారు. కూలి పని వాళ్లకే ఇలా అనుకోవద్దు. బదిలీపై వచ్చిన నర్సుకు, ప్రైవేటు బడిలో పాఠం చెప్పే టీచరుకు కూడా ఊళ్లో అయినవాళ్లు లేకపోతే ఇదే కష్టం.

పూర్వం మన ఇళ్లలో ఈ ప్రశ్న పెద్దగా రాలేదు. దాదీ, నానీ, ఖాలా, ఫుప్పు, ఎవరో ఒకరు ఒడి పట్టేవారు. ఇప్పుడు ఇళ్లు చిన్నవయ్యాయి. బతుకుతెరువు కోసం ఒకరు బెంగుళూరులో, ఒకరు కువైట్‌లో ఉంటున్నారు. కడప జిల్లా నుంచి ఎందరో ఆడవాళ్లు గల్ఫ్ దేశాలకు ఇంటి పనికి వెళ్లిన సంగతి అందరికీ తెలిసిందే. అక్కడ వాళ్లలో చాలామంది చేసే పని ఏమిటి? పరాయి వాళ్ల పిల్లలకు పాలు పట్టడం, స్నానం చేయించడం, నిద్రపుచ్చడం. వాళ్ల సొంత పిల్లలు ఇక్కడ ఒకరి గుమ్మం నుంచి మరొకరి గుమ్మానికి తిరుగుతూ పెరుగుతారు. ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైన మహిళలకు ఇంటి పనికి వెళ్లేందుకు కనీసం 30 ఏళ్ల వయసుండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. నిబంధన మంచిదే. కానీ 22 ఏళ్ల ఒంటరి తల్లి ఊళ్లోనే గౌరవంగా పనిచేసుకొని బతికే దారి చూపకపోతే, ఆ నిబంధనను తప్పించే దళారీ ఎక్కడో ఒకచోట ఆమెకు దొరుకుతాడు.

ఇక్కడ కొందరు పెద్దలు ఒక మాట అంటారు. ఆడది ఇంట్లో ఉండి బిడ్డను పెంచుకుంటే ఈ బాధే లేదు కదా అని. ఒకప్పుడు నేనూ ఆ మాట అన్నవాణ్ణే. కానీ షరీఅత్ ఈ విషయంలో ఏం చెబుతోందో పూర్తిగా చూడాలి. భార్యాబిడ్డల పోషణ భర్తపై విధి. బఖరా సూరా 233వ ఆయత్‌లో పాలిచ్చే కాలం నిండుగా రెండేళ్లని, ఆ తల్లి తిండి, బట్ట భారం తండ్రిదని, బిడ్డ కారణంగా తల్లినిగానీ తండ్రినిగానీ బాధించరాదని, తండ్రి లేకపోతే వారసుడిపై కూడా అదే బాధ్యత ఉందని అల్లాహ్ ఆదేశించాడు. బిడ్డను వేరొక స్త్రీకి పాలివ్వడానికి అప్పగించదలిస్తే తప్పులేదని, అయితే ఆమెకు ఇవ్వవలసిన ప్రతిఫలం న్యాయంగా ఇచ్చేయాలని కూడా అదే ఆయత్‌లో ఉంది. అంటే బిడ్డను మరొకరి చేతిలో పెట్టడం మనకు కొత్త సంగతి కాదు. మన ప్రవక్త (స) పసితనం బనూ సఅద్ తెగలో హజ్రత్ హలీమా (రజి) ఒడిలో గడిచింది.

భర్త చనిపోయాడు, లేదా వదిలేశాడు. వారసులు మొహం చాటేశారు. అప్పుడు ఆ బిడ్డ భారం ఎవరిది? ఇస్లామీయ వ్యవస్థలో బైతుల్‌మాల్‌ది, అంటే మొత్తం సమాజానిది. మనం నెలనెలా ఆమె ఇంటికి ఖర్చు పంపుతున్నామా? పంపడం లేదు. అలాంటప్పుడు ఆమె పనికి పోతోందని వేలెత్తి చూపే హక్కు మనకు ఎక్కడిది?

హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో జరిగిన సంఘటన చాలామంది వినే ఉంటారు. మదీనా పొలిమేరలో ఒక వర్తక బృందం దిగింది. ఖలీఫా స్వయంగా రాత్రి కాపలాకు వెళ్లారు. ఒక పసిబిడ్డ ఏడుపు ఆగకుండా వినిపిస్తోంది. తల్లిని మందలించారు. మళ్లీ ఏడుపు, మళ్లీ మందలింపు. చివరికి ఆమె, ఎదుట ఉన్నది ఎవరో తెలియక, పాలు మాన్పిస్తున్నానని, పాలు మానిన పిల్లలకే ఖలీఫా భత్యం ఇస్తున్నాడని చెప్పింది. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఉమర్ (రజి) ఏడుపు వల్ల ఆయన పఠనం వెనుక నిలబడిన వారికి సరిగా వినపడలేదట. తన నియమం వల్ల ఎంతమంది పసివాళ్లు బాధపడ్డారో అని కుమిలిపోయి, ఇకపై పుట్టిన రోజు నుంచే ప్రతి బిడ్డకూ భత్యం ఇస్తామని చాటింపు వేయించారు. అంత పెద్ద రాజ్యానికి అధిపతి ఒక తల్లి ఇబ్బంది విని తన నియమం మార్చుకున్నారు. ఒక మసీదు కమిటీ తన ఆలోచన మార్చుకోలేదా?

ప్రభుత్వం ఏమీ చేయడం లేదా అని అడగవచ్చు. చేస్తోంది, కానీ మన యువతి అవసరం వరకు అది చేరడం లేదు. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. అంగన్‌వాడీలో టీకాలు వేయిస్తారు, చిన్న పిల్లలకు బాలామృతం ఇస్తారు, 3 నుంచి 6 ఏళ్ల వారికి ఆటపాటలు నేర్పుతారు. ఇది మామూలు సేవ కాదు. అయితే ఏడు నెలల బిడ్డను రాత్రి ఎనిమిది దాకా ఒడిలో పెట్టుకోవడానికి ఆ కేంద్రాలు ఏర్పడలేదు. చట్టం సంగతి చూద్దాం. 50 మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. 2020లో తెచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో కూడా ఆ నిబంధన ఉంది. కానీ మన పట్టణాల బట్టల అంగళ్లలో, బంగారు అంగళ్లలో పనిచేసేది ఐదుగురో పదిమందో. చట్టం వాళ్ల గడప తొక్కదు.

మరొక దారి ఉంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లల్ని పగటిపూట చూసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి మిషన్ శక్తిలో భాగంగా పాల్నా పథకం నడుపుతోంది. అంగన్‌వాడీలోనే శిశు సంరక్షణ కేంద్రం కలిపి నడపడం ఇందులో ముఖ్యాంశం. మన వీధుల్లోని అంగన్‌వాడీని అలా మార్చాలని కోరుతూ మసీదు కమిటీలు, కౌన్సిలర్లు, మహిళా సంఘాలు కలిసి శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి అర్జీ పెట్టాలి. ఎందరు తల్లులకు అవసరమో పేర్లతో లెక్క తీసి జతపరచాలి. లెక్క లేని అర్జీ బీరువాలోకి పోతుంది.

వదిలేసి పోయిన తండ్రులకు కూడా చట్టం తెలియాలి. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ బిడ్డను పోషిస్తుంటే, బిడ్డ పుట్టినప్పటి నుంచి రెండేళ్ల దాకా తగిన భరణం మాజీ భర్త ఇవ్వాలని 1986 చట్టం చెబుతోంది. ఆ రెండేళ్లతో తండ్రి బాధ్యత తీరిపోదని, తమను తాము పోషించుకోలేని పిల్లలు ఆ తర్వాత కూడా తండ్రి నుంచి భరణం కోరవచ్చని సుప్రీంకోర్టు 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో స్పష్టం చేసింది. నికాహ్‌కు సాక్షులుగా నిలిచిన పెద్దలు భరణం విషయంలో కూడా ఆ కుర్రాడి ఇంటికి వెళ్లి నిలబడాలి. వలీమా తిని వచ్చిన వాళ్లకు ఆ మాత్రం బాధ్యత లేదా?

అర్జీలు, కోర్టులు తేలేలోగా బిడ్డ నడక నేర్చేస్తుంది. కనుక మనం చేయగలిగింది మనం మొదలుపెట్టాలి. మన ఊళ్ల షాదీఖానాలు పెళ్లి ఉన్న రోజున కళకళలాడతాయి, మిగతా రోజుల్లో తాళం వేసి ఉంటాయి. వాటిలో ఒక గది చాలు. పదిమంది పసిబిడ్డలు అనుకుందాం. ఇద్దరు నమ్మకమైన ఆడవాళ్లను పెట్టి తలా పదివేలు ఇస్తే నెలకు 20 వేలు. సబ్బు, కరెంటు, మందులు, గుడ్డలకు ఐదు వేలు. మొత్తం 25 వేలు. ఆ యువతి చెప్పినట్టు తల్లికి వెయ్యి చొప్పున వస్తే పదివేలు. మిగిలేది 15 వేలు. నెలకు నూరు రూపాయలు ఇచ్చే ఇళ్లు నూటయాభై కావాలి. మన ఊళ్లలో ఒక్క జుమాకు వచ్చే జనం అంతకన్నా తక్కువా?

జకాత్ సొమ్ము వాడవచ్చా అని ప్రశ్న వస్తుంది. హనఫీ మస్లక్ ప్రకారం జకాత్‌ను అర్హుల చేతికి సొంతం చేసి ఇవ్వాలి. గది మరమ్మత్తుకు, ఆయాల జీతానికి నేరుగా ఖర్చు పెట్టరాదు. అందువల్ల అర్హురాలైన తల్లికి జకాత్ ఇస్తే ఆమె అందులోంచి రుసుము కట్టుకోవచ్చు. మిగతా ఖర్చుకు చందాలు, నఫిల్ సదఖా వాడాలి. రెండు ఖాతాలూ వేర్వేరుగా ఉంచి ప్రతి నెలా మసీదు బోర్డు మీద రాయాలి.

ఇంకో జాగ్రత్త. చూసుకునే స్త్రీ జాలిపడి బిడ్డకు తన పాలు పడితే రజాఅత్ సంబంధం ఏర్పడుతుంది. రేపు ఆ పిల్లల మధ్య నికాహ్ హరామ్ అవుతుంది. కనుక తల్లి పిండి పెట్టిన పాలు, లేదా డాక్టరు చెప్పిన పాలు మాత్రమే పట్టాలని, ఎవరైనా పాలిస్తే రెండు కుటుంబాలకూ చెప్పి పుస్తకంలో రాసి ఉంచాలని నియమం పెట్టుకోవాలి. పాల సీసా మీద బిడ్డ పేరు ఉండాలి. బిడ్డను ఎవరు తెచ్చారు, ఎవరు తీసుకుపోయారు అన్నది సంతకంతో ఉండాలి. మనకు తెలిసినామె కదా అని ఇవి వదిలేయరాదు.

ఆయా జీతం గురించి కూడా ఒక మాట. బిడ్డల్ని చూసుకోవడం పుణ్యం కదా అని రెండు వేలు చేతిలో పెట్టి పంపే అలవాటు మనకుంది. ఆమె కూడా చాలాసార్లు ఒంటరి స్త్రీయే, ఆమెకూ ఇల్లు గడవాలి. ఒక తల్లి కష్టం తీర్చడానికి మరొక తల్లి కూలి కొరగడం న్యాయం కాదు. ప్రతిఫలం న్యాయంగా ఇవ్వమన్న ఆజ్ఞ ఆమెకూ వర్తిస్తుంది.

జమ్మలమడుగులో క్రైస్తవ మిషనరీలు స్థాపించిన క్యాంప్‌బెల్ ఆసుపత్రికి వందేళ్లు దాటింది. మీరా మహదేవన్ అనే మహిళ 1969లో ఢిల్లీలో భవన నిర్మాణ కూలీల పసిబిడ్డలు దుమ్ములో పడి ఉండటం చూసి, పని జరిగే చోటే పిల్లల కోసం మొబైల్ క్రెషెస్ సంస్థను ప్రారంభించారు. మంచి పని ఎవరు చేసినా మంచి పనే. దాన్ని చూసి మనం నేర్చుకోవాలి. మనం నడిపే గదిలో కూడా ముస్లిం బిడ్డ, హిందూ బిడ్డ అన్న తేడా ఉండరాదు. పొరుగువాడి హక్కు గురించి ప్రవక్త (స) ఎంత గట్టిగా చెప్పారో మనకు తెలుసు.

నమాజు చదివిస్తుండగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందోనని ప్రవక్త (స) నమాజును కుదించేవారు. మనం నమాజును కుదించనక్కరలేదు. నమాజు అయ్యాక మెట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగితే చాలు.

ఆ రోజు మా దగ్గరికి వచ్చిన యువతి అంగడి పని వదులుకుంది. ఇప్పుడు ఇంట్లోనే చీరలకు ఫాల్సులు కుడుతూ, వచ్చే దాంతో అద్దె కట్టి, మిగిలితే తింటోంది. ఆమెకు మేం సమయానికి ఉపయోగపడలేదు. వచ్చే శుక్రవారం మరొక తల్లి బిడ్డనెత్తుకొని వచ్చి అడిగితే చేయి చాచి చూపడానికి ఒక గది, ఒక ఒడి మన ఊళ్లో ఉండేలా ప్రయత్నిద్దాం. అందుకు అల్లాహ్ మనకు తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.