మధుమేహం దాచితే బీమా దక్కదు

ఆరోగ్య బీమా ప్రపోజల్ ఫారంలో ఒక ప్రశ్న తప్పక ఉంటుంది: మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు వంటివి మీకున్నాయా? ఈ ప్రశ్న దగ్గరే మన బస్తీల్లో ఒక తప్పుడు సలహా తరచు వినిపిస్తోంది. ‘షుగరుందని రాస్తే పాలసీ రాదు, లేదని రాసేయండి’ అంటారు. పాలసీ కాగితం ఇంటికి వస్తుంది. కాలికి పుండుపడి ఆసుపత్రిలో చేరిననాడు మాత్రం అది అక్కరకు రాదు. పాత మందుల చీటీ చూపి, వ్యాధిని దాచారంటూ కంపెనీ క్లెయిమును తోసిపుచ్చుతుంది. కట్టిన ప్రీమియం పోయి అప్పు మిగులుతుంది.

ఏళ్ల తరబడి ప్రభుత్వ కార్యాలయాల్లో ఫైళ్లు నడిపి, విరమణ తరువాత ఇరుగుపొరుగుకు దరఖాస్తులు పూరించిపెడుతున్నవాళ్లం మేము. ఫారం నింపింది ఏజెంటే అయినా జవాబుదారీ సంతకం చేసినవారిదేనని అనుభవంతో చెబుతున్నాం.

నిజానికి మధుమేహం ఉన్నంత మాత్రాన బీమాకు తలుపులు మూసుకుపోవు. హైదరాబాదులోనే ప్రధాన కార్యాలయమున్న భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2024లో నిబంధనలను సవరించింది. ముందే ఉన్న వ్యాధులకు నిరీక్షణ కాలం ఇప్పుడు 36 నెలలకు మించరాదు. అంతకుముందు అది 48 నెలలు. ఆ గడువులో మధుమేహ సంబంధిత చికిత్సకు చెల్లింపు రాకపోవచ్చుగాని, ప్రమాదంలో ఎముక విరిగితే వస్తుంది. పాలసీ 60 నెలలు ఎడతెగక కొనసాగిన పిమ్మట, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న కారణంతో క్లెయిమును కాదనరాదు. కనుక నిజం రాసి మూడేళ్లు ఓపిక పట్టడమే, అబద్ధం రాసి అయిదేళ్లు భయంతో గడపడంకన్నా మేలు. ప్రీమియం కొంత పెరిగినా, రక్షణ నిలుస్తుంది.

క్లెయిము తిరస్కరిస్తే, పాలసీలోని ఏ షరతు ప్రకారమో కంపెనీ రాతపూర్వకంగా తెలపాలి. ముందుగా కంపెనీకే ఫిర్యాదు రాయాలి. నెలరోజుల్లో జవాబు రాకున్నా, వచ్చినది న్యాయంగా లేకున్నా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. హైదరాబాదులోనూ ఆ కార్యాలయముంది. రుసుము లేదు, వకీలు అవసరం లేదు.

అయితే బాధ్యతంతా పౌరుడిమీదే మోపి ఊరుకోవడం న్యాయం కాదు. పెద్ద కంపెనీల ఉద్యోగులకు సమూహ బీమాలో పాత వ్యాధులకూ తొలిరోజు నుంచే రక్షణ లభించడం సాధారణం. అదే వ్యాధి ఉన్న దర్జీ, వెల్డరు, ఆటో నడిపేవాడు మాత్రం ఒంటరిగా కంపెనీ ముందు నిలబడి, అధిక ప్రీమియం కట్టి, మూడేళ్లు వేచి ఉండాలి. వ్యాధి ఒక్కటే, తేడా ఉద్యోగంలో ఉంది. ఆరోగ్యశ్రీ పేదలకు ఆసరాయే. కాని ఆ అర్హత గీతను కాస్త దాటి, సొంత బీమాకు స్థోమత చాలని కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి.

అసంఘటిత శ్రామికులకు సంక్షేమ మండళ్లు, మైనారిటీ, వెనుకబడిన తరగతుల ఆర్థిక సంస్థల ద్వారా నిరీక్షణ కాలం లేని సమూహ బీమా కల్పించాలని రెండు తెలుగు ప్రభుత్వాలనూ మేము కోరుతున్నాం. ఫారాలు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. చదవలేని కాగితంపై సంతకం పెట్టించి, ఆ సంతకాన్నే రేపు మన మీద సాక్ష్యంగా చూపడం ఇకనైనా ఆగాలి.