బరువు తగ్గించే ముందు జౌళ్లు లెక్కపెట్టండి

ఊళ్లో తీర్థమో జాతరో జరిగితే బెలూన్లు పేల్చే గాలి తుపాకీ దగ్గర పిల్లలు గుమిగూడటం మనందరం చూసిందే. ఆ సరదాకు కొత్త రూపం ఎయిర్‌సాఫ్ట్. సామాన్యులకు తుపాకులు దాదాపు దొరకని జపాన్‌లో 1970లలో మొదలైన ఆట ఇది. అసలు తుపాకీని పోలిన బొమ్మలోంచి 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గోళీ గాలి ఒత్తిడితో బయటకు దూకుతుంది. ఇందులో స్నైపర్ రకానికి మోజు ఎక్కువ. దాని బోల్టు లాగితే స్ప్రింగు వెనక్కి నొక్కుకుపోతుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూసుకొచ్చి గాలిని అదిమి గోళీని తోస్తుంది. అయితే ఇది పొడవుగా, బరువుగా ఉంటుంది. అందుకే విడిభాగాలు మార్చి, త్రీడీ ప్రింటర్‌తో కొన్ని సొంతంగా చేసుకుని, తేలికపాటి స్నైపర్ రైఫిల్ తయారుచేసుకోవాలని కుర్రకారు ఉబలాటపడుతున్నారు.

దీన్ని పూర్తిగా మాన్పించాలని నేను అనను. అలాగని భుజం తట్టి వదిలేయమనీ అనను. ఇది మంచి భౌతికశాస్త్ర పాఠం కాగలదు. కాకపోతే ఆ పాఠాన్ని మనం తలకిందులుగా మొదలుపెడుతున్నాం. అందరూ ముందు గ్రాములు లెక్కపెడుతున్నారు. లెక్కపెట్టాల్సింది జౌళ్లు.

హోప్ టౌన్‌లో అయితే?

దక్షిణ అండమాన్‌లోని హోప్ టౌన్‌లో ఒక కుర్రవాడు ఈ పనికి పూనుకున్నాడని ఊహించుకుందాం. ఒకప్పుడు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన శ్రీ విజయపురం రేవుకు ఎదురుగట్టున, ఒకప్పుడు మౌంట్ హ్యారియెట్ అని పిలిచిన మౌంట్ మణిపూర్ కొండ పాదాన ఉన్న ఊరు అది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి వేట మీద బతుకుతున్న కుటుంబాలు వారిలో ఎన్నో. కాబట్టి ఆ కుర్రవాడు మనవాడే అనుకోవడంలో వింతేమీ లేదు.

అతనికి మొదటి ఆలోచన ఉక్కు తీసేయడం. ఘన సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు తూగితే అల్యూమినియం 2.7 గ్రాములు, కార్బన్ ఫైబర్ సుమారు 1.6 గ్రాములు, త్రీడీ ప్రింటర్లలో వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 1.24 గ్రాములు తూగుతాయి. కాగితం మీద చూస్తే బరువు సగానికి సగం తగ్గించవచ్చు. ద్వీపంలో పదార్థాల తీరు వేరు. పీఎల్‌ఏ సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. మధ్యాహ్నపు ఎండలో మూసిన పెట్టెలో వదిలేస్తే వంకర తిరిగినా ఆశ్చర్యం లేదు. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది. ఉప్పుగాలి తగిలే చోట అల్యూమినియాన్ని ఉక్కు మరతో బిగిస్తే రెండూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తాయి. పడవ అడుగున జింకు ముక్క ఎందుకు బిగిస్తారో తెలిసిన ఇంట్లో ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

ఏ పదార్థం ఎక్కడ పనికొస్తుందన్న విచక్షణ ఆ దీవులకు కొత్త కాదు. అక్కడి అడవుల్లో పెరిగే సాజిరేయా ఎల్లిప్టికా చెట్టుకు ‘అండమాన్ బో వుడ్’ అనే పేరుంది. అక్కడి ఆదివాసులు విల్లు చేయడానికి ఏ చెక్క దొరికితే దాన్ని తీసుకోలేదు. వంగి, విరగకుండా, తిరిగి నిటారయ్యేదాన్ని ఎంచుకున్నారు.

తేలికైతే గురి కుదురుతుందా?

కుదరదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, బరువు తగ్గితే గురి చెడవచ్చు. గోళీ ఎదురుతన్ను నిజానికి చాలా చిన్నది. 0.4 గ్రాముల గోళీ సెకనుకు 70 మీటర్ల వేగంతో వెళితే దాని ద్రవ్యవేగం సెకనుకు 0.028 కిలోగ్రామ్-మీటర్లు. తుపాకీని కదిలించేది పిస్టన్. పిస్టన్ 40 గ్రాములుండి 8 సెంటీమీటర్లు ముందుకు వస్తుందనుకోండి. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం ప్రకారం, పట్టుకున్న చెయ్యి ఆపకపోతే, 4 కిలోల రైఫిల్ 0.8 మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. అదే 2 కిలోల రైఫిల్ 1.6 మిల్లీమీటర్లు జరుగుతుంది. బరువు సగమైతే కుదుపు రెట్టింపు. పైగా ఊపిరి, గుండె చప్పుడు కూడా తేలిక రైఫిల్‌నే ఎక్కువగా ఊపుతాయి.

ఒలింపిక్ క్రీడాకారుల్ని చూడండి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. ఆ పోటీలో రైఫిల్ 5.5 కిలోలు మించకూడదన్నది నియమం. అంటే అక్కడ అదుపు చేయాల్సి వచ్చింది ఎక్కువ బరువునే. రోజంతా మోసుకు తిరిగే ఆటలో తేలికతనానికి విలువ ఉంది, కాదనను. అయితే తగ్గించాల్సింది మొత్తం బరువు కన్నా గొట్టం కొసన ఉన్న బరువు. భుజానికి దూరంగా ఉన్న 100 గ్రాములు దగ్గరున్న 300 గ్రాముల కన్నా చేతిని ఎక్కువ అలసిపోయేలా చేస్తాయి. ట్రిగ్గర్ లోపలి కొక్కెం దగ్గర మాత్రం ఒక్క గ్రాము కూడా తగ్గించకూడదు. అది అరిగితే తుపాకీ తనంతట తనే పేలుతుంది.

గోళీ విషయంలోనూ ఇదే పొరపాటు. 1 జౌల్ శక్తితో 0.2 గ్రాముల గోళీ సెకనుకు 100 మీటర్ల వేగంతో బయలుదేరితే, 0.4 గ్రాముల గోళీ సుమారు 71 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. తేలికదే గెలిచినట్టు కనిపిస్తుంది. గాలి నిరోధం రెండింటి మీదా ఒకేలా పనిచేసినా, తేలిక గోళీ దానికి త్వరగా లొంగిపోతుంది. నా లెక్క ప్రకారం 25 మీటర్లు వెళ్లేసరికి తేలిక గోళీ వేగం సుమారు 38కి పడిపోతే, బరువైనది సుమారు 44 దగ్గర ఉంటుంది. మిగిలిన శక్తి చూస్తే రెండోదానిలో రెండున్నర రెట్లు ఎక్కువ. దగ్గరలో ఒకేలా ఉన్న రెండు గోళీలు దూరాన వేర్వేరు ప్రమాదాలన్నమాట.

ఒక్క జౌల్ చాలు

1 జౌల్ అంటే 100 గ్రాముల జామకాయ మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చే శక్తి. ‘అంతేనా’ అనిపిస్తుంది. జామకాయ అరచేతినిండా పడుతుంది. గోళీ మాత్రం పావు చదరపు సెంటీమీటరు చోటులో గుచ్చుకుంటుంది. ఆ చోటు కన్నయితే చూపు పోవచ్చు. జపాన్ చట్టం పరిమితిని చదరపు సెంటీమీటరుకు 3.5 జౌళ్లుగా పెట్టింది ఇందుకే. 6 మిల్లీమీటర్ల గోళీకి అది 1 జౌల్ కన్నా కాస్త తక్కువ. బ్రిటన్ 2017 చట్టంలో ఒక్కొక్క గోళీ పేల్చే రకానికి 2.5 జౌళ్ల వరకు అనుమతించింది. మన దేశంలో 2016 ఆయుధ నియమాలు గాలి తుపాకులకు 20 జౌళ్ల శక్తినీ, 4.5 మిల్లీమీటర్ల వ్యాసాన్నీ గీతలుగా పెట్టాయి. ఎయిర్‌సాఫ్ట్ గోళీ 6 మిల్లీమీటర్లు. కాబట్టి శక్తి తక్కువే కదా అనుకోకుండా, పని మొదలుపెట్టే ముందే లైసెన్సు అధికారిని అడిగి తెలుసుకోవడం మేలు.

హోప్ టౌన్‌లో మరో రెండు చిక్కులున్నాయి. ఊరి పైనున్న కొండ జాతీయ ఉద్యానం. అనుమతి లేకుండా ఆయుధంతో అందులో అడుగుపెట్టడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇక 1872 ఫిబ్రవరి 8న ఆ ఊరి జెట్టీ మీదే వైస్రాయ్ లార్డ్ మేయోను షేర్ అలీ ఆఫ్రిదీ పొడిచి చంపాడు. వాడింది ఒక కత్తి. చుట్టూ కాపలా ఉన్నా ఫలితం లేకపోయింది. వస్తువు చిన్నదా పెద్దదా అన్నదాన్ని బట్టి ప్రమాదం తేలదని ఆ జెట్టీ చెబుతుంది. నల్లరంగు వేసిన బొమ్మ రైఫిల్‌ని భుజాన వేసుకుని ఈనాడు పడవెక్కితే, అది బొమ్మ అని ఎదుటివాడికి తెలిసేలోపే జరగరానిది జరగవచ్చు.

రెండో చిక్కు గోళీలు. ఆడిన ప్రతిసారీ వందల ప్లాస్టిక్ గోళీలు నేలపాలవుతాయి. మొదటి వానకే అవి వాగులోకి, అక్కణ్నుంచి పగడపు దిబ్బల్లోకి చేరతాయి. ‘మట్టిలో కలిసిపోయేవి’ అని అమ్మే పీఎల్‌ఏ గోళీలు సైతం కంపోస్టు కేంద్రాల్లోని 60 డిగ్రీల వేడికి కలుస్తాయి గానీ సముద్రపు నీటిలో అంత తేలిగ్గా కరగవు.

బడిలోకి రానిద్దాం

పిల్లలకు ఆయుధాలు చేయడం నేర్పుతారా అని కొందరు అడుగుతారు. సబబైన ప్రశ్నే. కానీ వాళ్లు ఎలాగూ వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. అక్కడ ‘ఎంత తేలిక, ఎంత దూరం’ అనే మాటే వినిపిస్తుంది. ‘ఎంత శక్తి’ అని అడిగే పెద్దమనిషి ఒకరు కావాలి. సైన్సు మాస్టారు ఆ పని చేయగలరు.

అందుకు ఖరీదైన పరికరం అక్కర్లేదు. బెంజమిన్ రాబిన్స్ 1742లోనే ఊగే దిమ్మతో తుపాకీ గుండు వేగాన్ని కొలిచాడు. దారానికి వేలాడే 50 గ్రాముల మట్టిముద్దలో 0.2 గ్రాముల గోళీ సెకనుకు 100 మీటర్ల వేగంతో దిగబడితే, ముద్ద సుమారు 8 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. స్కేలు పెట్టి చూడవచ్చు. ద్రవ్యవేగం, శక్తి అనే రెండు పాఠాలూ ఒక్క దెబ్బతో అర్థమవుతాయి.

నా సూచనలు ఇవి. శక్తి 1 జౌల్ దాటకూడదు. కొలవని తుపాకీని ఎవరి చేతికీ ఇవ్వకూడదు. కంటికి నాలుగువైపులా మూసే అద్దాలు ఆడేవారికే కాదు, చూసేవారికీ ఉండాలి. గొట్టం కొసకు నారింజ రంగు వేయాలి. ఇల్లు దాటితే సంచిలో పెట్టాలి. గురి సాధన వెనుక తెర కట్టిన చోటే జరగాలి, పడిన గోళీలన్నీ ఏరి లెక్క అప్పజెప్పాలి.

ఇవన్నీ కుదిరాక, కావాలంటే బరువు తగ్గించుకోండి. అప్పటికి మీ చేతిలో తుపాకీతో పాటు ఒక నోటుపుస్తకం కూడా ఉంటుంది. నన్నడిగితే ఆ రెంటిలో దాచుకోవాల్సింది నోటుపుస్తకమే.