ఒక నదికి రెండు మండలులు

సంతపూరు, ఔరాదు తాలూకా:

కన్నడము, మరాఠీ, తెలుగు, ఉర్దూ ఒకే అంగడిలో చెవినిబడు ఈ సీమ 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము హైదరాబాదు రాజ్యములోని బీదరు జిల్లా. రాష్ట్రముల పునర్విభజన శాసనము దానిని మూడుగా చీల్చి, అహ్మదుపూరు, నీలంగా, ఉద్గీరు తాలూకాలను బొంబాయికిని, నారాయణఖేడును, జహీరాబాదులో అధికభాగమును, న్యాల్‌కల్ సర్కిలును ఆంధ్రప్రదేశమునకును ఒసగి, తక్కిన భాగమును మైసూరునకు చేర్చినది. బంధుత్వములును, పొలములును, సంతలును ఆ గీతలను ఎరుగవు. వివాదములు మాత్రము ఆ గీతలవెంటనే మొలకెత్తినవి.

అట్టి వివాదములు పుట్టునని ఆ శాసనకర్తలకు తెలియకపోలేదు. కావుననే అదే శాసనమున ప్రాంతీయ మండలులను నెలకొల్పి, కేంద్రమంత్రి అధ్యక్షతన ముఖ్యమంత్రులు కూర్చుండి సరిహద్దు తగవులు, భాషాల్పసంఖ్యాకుల బాధలు, అంతర్రాష్ట్ర రవాణా మొదలగు విషయములను విచారింపవలెనని స్పష్టముగా వ్రాసిరి. 1985లో వెలసిన దక్షిణాసియా దేశముల కూటమి సార్కు, ద్వైపాక్షిక వివాదములను చర్చకే రానీయరాదని తన నియమావళిలోనే కట్టడి చేసికొన్నది. దానితో పోల్చి చూడగా మన శాసనకర్తల ధైర్యము ప్రశంసనీయము. మండలి చేయునది సలహాయే యని కొందరు దానిని చులకన చేయుదురు. నాకు అందు లోపము కానరాదు. ఇరుగుపొరుగు రాష్ట్రములను ఒకచోట కూర్చుండబెట్టగల పీఠమునకు శిక్షాధికారముతో పనిలేదు.

లోపము వేరొకచోట ఉన్నది. బీడు జిల్లాలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, లాతూరు సీమను తడిపి, మా బీదరు జిల్లాను దాటి, తెలంగాణమున సింగూరును, నిజాంసాగరమును నింపి, కందకుర్తి కడ గోదావరిలో కలియు మంజీరానది ఏ మండలిది? 1956లో మైసూరును బొంబాయితోపాటు పశ్చిమ మండలియందు ఉంచిరి గనుక ఆనాటి చీలిక జహీరాబాదు వైపున ఉండెను. అనంతరము మైసూరును దక్షిణ మండలికి మార్చుటచే ఆ చీలిక ఉద్గీరు వైపునకు జరిగినదే గాని మానలేదు. మహారాష్ట్రమును, కర్ణాటకమును, తెలంగాణమును ఒకే మండలియందు కూర్చుండు అవకాశము ఆనాడును లేదు, ఈనాడును లేదు.

దీని ఫలమేమో 2022లో ప్రత్యక్షముగా చూచితిమి. ఆ సంవత్సరము జూన్‌లో పశ్చిమ మండలి దియ్యూలోను, సెప్టెంబరులో దక్షిణ మండలి తిరువనంతపురమునను సమావేశమయినవి. మహారాష్ట్రము మొదటిదానను, కర్ణాటకము రెండవదానను ఉన్నవి. ఆ రెండు రాష్ట్రముల నడుమనో, మహాజన్ సంఘపు 1967 నాటి నివేదికతో తీరక, 2004లో సుప్రీంకోర్టు గడప ఎక్కి, బీదరు జిల్లాలోని గ్రామములను సైతము చుట్టుకొన్న సరిహద్దు వ్యాజ్యము ఉన్నది. కొలది నెలలకే బెళగావి వైపున ఉద్రిక్తత చెలరేగగా, డిసెంబరులో హోంమంత్రి ఇరువురు ముఖ్యమంత్రులను ఢిల్లీకి పిలిపించి, ఒక్కొక్క వైపునుండి ముగ్గురేసి మంత్రులతో సంఘమును ఏర్పరుపవలసివచ్చెను. మంట లేచిన పిమ్మట జరిగిన ఆ భేటీ, మంట లేవకముందే జరుగవలసినది.

కూర్చుండినచో ఫలముండదా? గోదావరీ జలవివాదముపై 1969లో బచావత్ న్యాయస్థానము ఏర్పడినను, 1975లో రాష్ట్రములు తమలోతాము ఒడంబడికలు వ్రాసికొనుటచేతనే ఆ తగవు సగము తీరినది. 1980 నాటి తీర్పు ఆ ఒడంబడికలను తనలో చేర్చుకొని వానికి కట్టుబాటు కల్పించినది. ఎగువన నీరు ఆగిన యేట సింగూరు ఎండును; ఆ జలాశయమునుండి నీరు త్రాగు హైదరాబాదు నగరమునకు సైతము ఈ మాట పట్టవలసియున్నది.

వేర్వేరు మండలులు ఉమ్మడిగా సమావేశమగుటకు పునర్విభజన శాసనమే అవకాశమిచ్చినది. కావున దక్షిణ, పశ్చిమ మండలుల ఉమ్మడి సమావేశమును పిలిపించి, మంజీర నీటిలెక్కలను, సరిహద్దు గ్రామముల బడులలో మాతృభాషాబోధనను, రాష్ట్రముల నడుమ బస్సుల రాకపోకలను ముందు వరుసన ఉంచి, దానిని ఢిల్లీలో గాక బీదరులో జరుపవలెనని మూడు రాష్ట్రముల ముఖ్యమంత్రులను కోరుచున్నాను.

— మంజీరతీరవాసి