కెన్నెళ్లు కడిగే చేతులకు పేరుండదా?

జర్నలిజం చదువుతున్న ఒక అమ్మాయి ఈ మధ్య లాప్‌టాప్ పట్టుకుని మా ఆఫీసుకొచ్చింది. కోర్సు చివర్లో చెయ్యాల్సిన మల్టీమీడియా ప్రాజెక్టు. హైదరాబాద్ శివార్లలోని ఒక కుక్కల షెల్టర్ గురించి ఫోటోలు, పది నిమిషాల వీడియో, కొన్ని ఆడియో ముక్కలు, మధ్యమధ్య కొంత రాత. మా అభిప్రాయం కావాలంది. "కుక్కల గురించి కదా, ఇందులో మనం చెప్పేదేముంది" అని మాలో ఒకరిద్దరు అనకపోలేదు. చూసేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

అమ్మాయి శ్రద్ధగా చేసింది. ప్రతి కుక్కకీ ఒక పేరు, ఎక్కడ దొరికింది, ఏం దెబ్బ తగిలింది, ఇప్పుడెలా ఉంది అన్నీ ఉన్నాయి. షెల్టర్ పెట్టినామె మాట్లాడింది, డాక్టరు మాట్లాడాడు, ఆదివారాలు వచ్చే వాలంటీర్లు మాట్లాడారు. ఒక ఫోటోలో మూడు కాళ్ల కుక్క గిన్నెలో అన్నం తింటోంది. ఆ గిన్నె పట్టుకున్న చెయ్యి ఫోటో అంచున ఉంది. రెండు మట్టిగాజులు, ముంజేతి మీద పాత కాటు మచ్చ. మోచేతి దగ్గర ఫోటో అయిపోయింది.

ఈ చెయ్యి ఎవరిదని అడిగాం. "అక్కడ పనిచేసే పెద్దమ్మది" అంది. పేరేమిటి? తెలీదు.

ఆ అమ్మాయిని తప్పు పట్టడానికి ఇది రాయడంలేదు. మన సంస్థల వార్షిక నివేదికల్లో మాత్రం టీ పెట్టే ఆమె, గదులు ఊడ్చే ఆమె ఎక్కడ కనిపిస్తారు?

నిజానికి జంతువుల షెల్టర్ల చరిత్ర మొదట్నించీ ఆడవాళ్లతో ముడిపడి ఉంది. 1860లో లండన్‌లో దిక్కులేని కుక్కల కోసం ఇల్లు తెరిచింది మేరీ టీల్బీ. పత్రికలు ఆమెను ఎగతాళి చేశాయి. ఆ ఇల్లే 1871లో బాటర్సీకి మారి ఈనాటికీ నడుస్తోంది. ఫిలడెల్ఫియాలో జంతుహింస నివారణ సంఘం కోసం కాళ్లరిగేలా తిరిగిన కారొలిన్ ఎర్ల్ వైట్‌కి, 1867లో తీరా ఆ సంఘం ఏర్పడ్డాక పాలకమండలిలో చోటు దొరకలేదు. ఆమె ఆడమనిషి గనక ఆమె భర్తని కూచోబెట్టారు. 1869లో ఆమె స్త్రీల శాఖ పెట్టి షెల్టర్ నడిపి చూపించింది. ఇంగ్లండులో జంతువులపై ప్రయోగాలను ఎదిరించిన ఫ్రాన్సెస్ పవర్ కాబ్, భార్యలను చితకబాదే భర్తల గురించి 1878లో వ్యాసం రాసింది. అలా దెబ్బలు తిన్న భార్య విడిగా బతికే వీలు కల్పిస్తూ ఆ ఏడే అక్కడ చట్టం వచ్చింది. మన దగ్గర 1960 నాటి జంతుహింస నివారణ చట్టం వెనక రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ చేసిన పోరాటం ఉంది. వీళ్లందరూ గౌరవించదగ్గవాళ్లే. అయితే ఆ కుక్కల ఇళ్లు రోజూ కడిగినవాళ్ల పేర్లు మాత్రం నేను చదివినవాటిలో ఎక్కడా తగల్లేదు.

అమ్మాయి మళ్లీ వెళ్లింది. ఈసారి రెండు రోజులు పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం దాకా ఉంది. పెద్దమ్మది పాలమూరు వైపు ఊరు. పొద్దున ఐదున్నరకి పని మొదలు. నలభై కెన్నెళ్లలో మలం ఎత్తి, కడిగి, ఫినాయిల్ కొట్టాలి. కోడి కాళ్లూ తలలూ వేసి పెద్ద డేగిసాల్లో అన్నం ఉడికించాలి. తల్లిలేని పిల్లలకి సీసాతో పాలు పట్టాలి. చెవుల్లో గోమార్లు ఏరాలి. చచ్చిపోయినవాటిని గోతి దాకా మోసేదీ ఈ ఆడవాళ్లే. సాయంత్రం మళ్లీ మొదటికి. ఎప్పుడూ నీళ్లలోనే ఉండి కాలివేళ్ల సందులు ఒరిసిపోయాయి. చేతికిచ్చే డబ్బుని అక్కడ జీతం అనరు, గౌరవ వేతనం అంటారు.

ఈ మాట మనకి కొత్తదా? 1975లో అంగన్‌వాడీలు మొదలైనప్పట్నుంచీ వింటున్నాం, 2005 తర్వాత ఆశా కార్యకర్తల విషయంలోనూ విన్నాం. సేవ అంటే చాలు, గంటల లెక్క అడగడం అపచారమవుతుంది. అంగన్‌వాడీ వాళ్లకి గ్రాట్యుటీ హక్కుందని సుప్రీంకోర్టు చేత చెప్పించుకోవడానికి 2022 దాకా పట్టింది.

ఇక ఆ కాటు సంగతి. రెండేళ్ల కిందట కరిస్తే పెద్దమ్మ ఒక్కతే సర్కారు దవాఖానాకి వెళ్లి సూదులు వేయించుకుంది. వెళ్లిన రోజులకి డబ్బు కోశారు. జంతువులతో పనిచేసేవాళ్లు కాటు పడకముందే రేబిస్ టీకా వేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారం తేడాతో రెండుసార్లు వేస్తే సరిపోతుందని 2018లో అన్నది కూడా అదే. అలా వేయించుకున్నవాళ్లకి తర్వాత కాటు పడ్డా, తక్కువ డోసులతో, ఖరీదైన ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరం లేకుండా గడిచిపోతుంది. ఇది షెల్టర్‌కి తెలియని సంగతేం కాదు. ఆదివారం వాలంటీర్లు నింపే ఫారంలో ముందే టీకా వేయించుకుని రావాలన్న షరతుంది. కెన్నెళ్లు కడిగేవాళ్లకి అసలు ఫారమే లేదు.

షెల్టర్ పెట్టినామె చెడ్డమనిషి కాదు. తన నగలు అమ్మి నడుపుతోంది. అమ్మాయి టీకా సంగతి అడిగితే ఆమె దాపరికం లేకుండానే చెప్పింది: విరాళాలు కుక్కల ఫోటోలు చూసి వస్తాయి, ఫలానా కుక్క ఆపరేషన్‌కి అని రాసి మరీ పంపుతారు, పనివాళ్ల కోసమని ఎవరూ పంపరు. ఈ మాట నన్ను చాలా ఆలోచింపజేసింది. ఫోటోలో లేనిది ఖర్చుల్లోనూ ఉండదన్నమాట. అలాగని దాతల మీదకి నెట్టేసి ఊరుకోలేం. పనిలో గాయపడితే బాధ్యత యజమానిదన్న సూత్రం 1923 నుంచీ మన చట్టంలో ఉంది.

షెల్టర్లు ఇప్పుడు నలుగురి దయ మీద నడిచే చిన్న వ్యవహారం కాదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. ఆగస్టు 22న దాన్ని సవరించి, రేబిస్ ఉన్నవీ దూకుడుగా ప్రవర్తించేవీ తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక పట్టినచోటే వదలమంది. నవంబరు 7న స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండులు, రైల్వేస్టేషన్ల నుంచి తీసినవాటిని మాత్రం షెల్టర్లలోనే ఉంచమంది. టీవీల్లో కుక్కల ప్రేమికులు ఒకవైపు, కాటు తిన్నవాళ్లు ఒకవైపు కూచుని అరుచుకున్నారు. 2023 ఫిబ్రవరిలో మన అంబర్‌పేటలో కుక్కలు ఒక పసివాణ్ణి చంపేశాయి. తండ్రి సెక్యూరిటీ గార్డు. ఆ కడుపుకోతని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ కట్టబోయే షెల్టర్లలో ఎవరు పనిచేస్తారు, ఏ జీతానికి, ఏ రక్షణతో అని నేను చూసిన చర్చల్లో ఒక్కరూ అడగలేదు.

పెద్దమ్మ ముఖం చూపించొద్దు, పేరు మార్చు, ఉద్యోగం పోతుంది అని అమ్మాయికి మేమే గట్టిగా చెప్పాం. మనకి అలవాటైన జాగ్రత్త. అమ్మాయి వెళ్లి ఆ మాటే పెద్దమ్మతో చెప్పింది. రికార్డులో జవాబుంది. "కుక్కకు పేరు వెట్టిండ్రు, ఫోటో దించిండ్రు. నాకు పేరు లేదా బిడ్డా? నేనేమన్న తప్పు జేసిన్నా మొఖం దాసుకోనీకి?"

మాకు నోట మాట రాలేదు. మిగతా పనివాళ్లలో ఇద్దరు వద్దన్నారు, వాళ్లని అమ్మాయి తీసేసింది. పెద్దమ్మ ముఖమూ పేరూ వీడియోలో ఉన్నాయి. ఇక్కడ రాయకపోవడానికి కారణం ఒక్కటే, ఈ పత్రికలో వేస్తామని ఆమెని మేము అడగలేదు.

ప్రాజెక్టుకి మార్కులు తగ్గాయి. జంతు సంక్షేమం అనే విషయం పక్కదారి పట్టిందని రాశారట. అమ్మాయి ఆ వీడియోని ఫోనులో పెద్దమ్మకీ, షెల్టర్ పెట్టినామెకీ చూపించింది. ఆమె కాసేపు మాట్లాడలేదట. ఈ సంచిక ప్రెస్సుకి వెళ్లేనాటికి ఐదుగురు పనివాళ్లలో ముగ్గురికి మొదటి డోసు టీకా పడింది. ఇద్దరు ఊరెళ్లారు, ఇంకా రాలేదు. వెళ్లిన రోజులకి డబ్బు కోస్తారో లేదో నెలాఖరుకి తెలుస్తుంది.